పది గంటల తాడు

ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున మా ఏరియా మేనేజరు నా మెడలో దండ వేసి, నలుగురిలో నా గురించి ఒక కథ చెప్పాడు. కాలువ కింద ఒక వరి విత్తన మడి చలికాలంలో కల్తీ అయిపోతుంటే, నేను నా పుస్తక జ్ఞానంతో దాన్ని కాపాడానట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల కొంచెం వంచి, వినయం కనపడేట్టు నవ్వాను.

ఆ నవ్వే కొంప ముంచింది. ఇప్పుడు కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, "సార్, ఆ చీరల గోడ ఐడియా మీకెట్ల వచ్చింది?" అని అడుగుతున్నారు. ఒకరిద్దరికి జవాబు కూడా చెప్పాను. మొన్న మా మనవరాలికి చెప్తున్నప్పుడు చూసుకుంటే, కథలో నేను అసలు కంటే ఓ జానెడు ఎత్తు పెరిగి ఉన్నాను. ఇట్లాగే వదిలేస్తే ఇంకో ఏడాదికి నేనే నమ్ముతాను. నమ్మకముందే జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలనిపించింది.

రాసింది తీసుకొని ఆ మడి ఉన్న ఊరికి పోయి, వేపచెట్టు కింద మంచం మీద కూర్చొని, ఈ కథలో ఉన్నవాళ్లకు చదివి వినిపించాను. వాళ్లు పెట్టిన షరతు ఒకటే: "తిట్లున్న కాడ మా పేర్లు వద్దు సారు. ఆఖర్ల మెచ్చుకునే కాడ రాయి." అందుకే ఈ కథలో ఆఖరు దాకా ఎవరికీ పేరు లేదు. తిట్లలో ఎక్కువ భాగం నావే కాబట్టి నాది కూడా రాయడం లేదు.

మాది చౌటుప్పల్ దిక్కు నేత కుటుంబం. బాపు మగ్గం మీద కూర్చుంటే నేను కండెలు చుట్టేవాణ్ణి. ఇంటర్ తప్పాక మగ్గం నాకు పనికిరాదని బాపుకూ, నేను మగ్గానికి పనికిరానని నాకూ తెలిసిపోయింది. ఎవరో చెబితే విత్తనాల కంపెనీలో ఫీల్డు సూపర్‌వైజరుగా చేరాను. నా తోటి సూపర్‌వైజర్లంతా వ్యవసాయంలో డిప్లొమాలు, డిగ్రీలు చేసినవాళ్లు. నాకు ఉన్నది శాఖా గ్రంథాలయం సభ్యత్వం కార్డు ఒక్కటే.

ఆ కార్డును నేను డిగ్రీకి తక్కువగా ఎన్నడూ చూడలేదు. పని అయిపోగానే నేరుగా లైబ్రరీకి పోయేవాణ్ణి. మొక్కల శాస్త్రం, నేలలు, తెగుళ్లు, వాతావరణం, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. మూసే వేళకు గ్రంథపాలకుడు వచ్చి నా కుర్చీ కాలును తన చెప్పుతో రెండు సార్లు తట్టేవాడు. అదే మాకు గంట. సాయంత్రం చదివింది మర్నాడు పొద్దున గట్టు మీద అప్పజెప్పేవాణ్ణి. రైతులు తలలూపేవాళ్లు. నాతోపాటు మోటారు సైకిల్ మీద తిరిగే నా జోడీ సూపర్‌వైజరు మాత్రం, "నువ్వు మాట్లాడుతుంటే నాకు ఆకలైతది. జర జల్దీ ముగించు," అనేవాడు.

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో కంపెనీ హైబ్రిడ్ వరి విత్తనాన్ని మా దిక్కు కూడా పండించాలనుకుంది. ఆ పంట అప్పటికి కరీంనగర్ వైపే ఎక్కువ. మేళ్లచెరువుకు పోయే సిమెంటు లారీల దారి నుంచి లోపలికి తిరిగితే, కాలువ చివరి నీళ్లు అందే ఒక ఊరు. అక్కడ మాకు ఒప్పుకున్న రైతు ఒక అక్క. వాళ్లది గొర్ల కుటుంబం. పెనిమిటి మందతో ఏడాదిలో సగం కాలం ఊళ్లు తిరుగుతుంటాడు. భూమి ఆమే చూసుకుంటుంది.

ఆమె పొలం పక్కనే పెనిమిటి అన్న, అంటే ఆమె బావ పొలం. బండ్ల బాట, దాని పక్కన బీడుగా పడి ఉన్న ఒక చెలక ముక్క, ఆ తర్వాత ఆయన సన్న వడ్ల మడులు. తమ్ముడు మందెంట పోయినప్పుడల్లా ఆ భూమి కూడా తానే దున్నుకుంటానని ఆయన ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. ఈ విత్తనం పంట సంగతి తెలిశాక ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది.

"వరిల ఆడది మొగది ఏంది? పుట్టి బుద్ధెరిగిన కాడికెళ్లి విన్ననా నేను?" అన్నాడట ఆయన.

"ఈ ఒక్క కారు పంట చూడు బావ," అన్నదట ఆమె. "ఇది సక్కగ రాకపోతే భూమి నువ్వే దున్నుకో. నేను మందెంబడి పోత."

నలుగురిలో ఒప్పుకున్న మాట. ఈ సంగతి ఆమె నాకు మొదటి రోజే చెప్పింది, నవ్వుతూ చెప్పింది. నేను కూడా నవ్వి, "నేనున్న కదా అక్కా," అన్నాను.

ఈ పంట గురించి ఎరగనివాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. మామూలు వరిలో ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. పువ్వు విచ్చుకునేలోపే దాని పని అది చేసుకుంటుంది. అందుకే పక్కపక్కన రెండు రకాలు వేసినా పెద్దగా కలవవు. హైబ్రిడ్ విత్తనం మడిలో ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. ఆడ సాళ్లకు సొంత పుప్పొడి ఉండదు. పువ్వు విచ్చుకొని ఎవరైనా తెచ్చి ఇస్తారా అని చూస్తుంది. పూత విచ్చుకునే వేళకు ఇద్దరు మనుషులు పొడుగాటి తాడును చెరో కొసన పట్టుకొని పంట మీదుగా గుంజుతూ పోతే, మగ సాళ్లు కదిలి పుప్పొడి ఆడ సాళ్ల మీద రాలుతుంది. ఆడ పువ్వుకు తేడా తెలియదు. మనం ఇచ్చినా తీసుకుంటుంది, పక్క పొలం నుంచి వచ్చినా తీసుకుంటుంది. పక్క పొలంది తీసుకుంటే అది విత్తనం కాదు, కల్తీ. కాబట్టి చుట్టూ నూరు మీటర్ల వరకు వేరే వరి ఉండొద్దని నియమం. దూరం లేకపోతే పూత వేళల్లో కనీసం మూడు వారాల తేడా ఉండాలి.

మా మడికీ బావ పొలానికీ మధ్య ఉన్నది నూరు మీటర్లలో పావు వంతు.

నా జోడీ గట్టు మీద నిలబడి చూసి, "ఇది కాదు. ఇంకో మడి చూద్దాం," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా దగ్గర రెండు శాస్త్రాలున్నాయి. ఒకటి, వరి పుప్పొడి ఆయుష్షు కొన్ని నిమిషాలే, బయటికొచ్చిన కాసేపటికే ఎండి చచ్చిపోతుంది. చెలక దాటి, బండ్ల బాట దాటి వచ్చేసరికి దానికి ప్రాణం ఉండదు. రెండు, బావ సన్న వడ్లు ముందు నాటాడు కాబట్టి మా మడి ఈనే నాటికి ఆయన పొలం పూత ముగించి గింజ పాలు పోసుకుంటూ ఉంటుంది. వేళ్ల మీద లెక్కేసి చూపించాను.

"నీకు గ్యారంటీనా?" అన్నాడు జోడీ.

"పుస్తకంల ఉన్నది."

"సరే. అయితే మడి కాయితం మీద సంతకం నువ్వే పెట్టు."

పెట్టాను.

అంతటితో ఆగినా బాగుండేది. అక్క తన మడి చుట్టూ కట్టెలు పాతి పాత చీరలు కట్టి ఉంచింది. అడవి పందులు రాకుండా మా దిక్కు అందరూ చేసే పనే. రంగురంగుల చీరలు గాలికి ఊగుతుంటే పంది అక్కడ మనుషులున్నారనుకొని జంకుతుంది. నాకు మాత్రం ఆ చీరలు చూసి వేరే ఆలోచన వచ్చింది. పుప్పొడికి గాలి కావాలి. తూర్పు నుంచి వచ్చే గాలిని ఈ చీరలు ఆపేస్తున్నాయి.

"అక్కా, తూర్పు దిక్కువి తీసెయ్యాలె. మడికి గాలి ఆడాలె."

"పందులొస్తే సారు?"

"ఓ మనిషిని కావలి పెడదాం."

"ఆ మనిషి నువ్వేనా?"

నేను కాదని చెప్పి, పూతలో గాలి పాత్ర గురించి కాసేపు మాట్లాడాను. ఆమె పూర్తిగా వినకుండానే చీరలు విప్పడం మొదలుపెట్టింది. నా ఉపన్యాసం ముగించడానికి అదొక్కటే దారి అని ఆమెకు అప్పటికే అర్థమైంది. తూర్పున ఉన్నది బావ పొలం. పందులు రాలేదు. పందుల కంటే చాలా చిన్నవి వచ్చాయి.

ఆ ఏడు కాలువకు నీళ్లు ఆలస్యంగా వదిలారు. నాట్లు వెనకబడ్డాయి, మా మడి ఈనే వేళకు డిసెంబరు వచ్చేసింది. ఆ చలి మామూలు చలి కాదు. పొద్దున మోటారు సైకిల్ మీద నార్కట్‌పల్లి దాటేసరికి చేతులు హ్యాండిల్‌కు అతుక్కుపోయేవి. పొలం దగ్గర మంచు పొద్దెక్కేదాకా విడిచేది కాదు. మాకు రెండు మడులు, పైది ముందు నాటింది, కిందది పక్షం రోజులు ఆలస్యంగా నాటింది. పై మడిలో ఆడ సాళ్లు పూతకొచ్చాయి. మగ సాళ్లు చలికి ఒళ్లు ముడుచుకొని వెనకబడ్డాయి.

"అవి కూడా అందుకుంటయి," అన్నాను. "తాడు మొదలుపెట్టుండ్రి."

"ఎన్నిటికి సారు?" అన్నది తాడు గుంజే ముఠా మేస్త్రమ్మ.

"పదింటికి. వరి పువ్వు పదింటికి విచ్చుకుంటది."

"పది పక్కానా? మాకు పదకొండు కల్ల పత్తికి పోవాలె."

"పక్కా."

పది గంటలంటే వాళ్లకూ బాగుంది. మంచు తడి ఆరకముందు పత్తి ఏరనివ్వరు కాబట్టి ఆ పొద్దు ఎట్లాగూ ఖాళీ. నాకు శాస్త్రం కలిసొచ్చింది, వాళ్లకు కూలీ కలిసొచ్చింది. పువ్వును మాత్రం ఎవరమూ అడగలేదు.

రోజూ పదింటికి నేను గట్టు మీద నిలబడి గడియారం చూసి చెయ్యి ఎత్తేవాణ్ణి. రైలుకు జెండా ఊపినట్టు. వాళ్లు తాడు గుంజేవాళ్లు. తాడు పోయిన దారంతా మంచు నీళ్లు జల్లుగా లేచేవి. ఆడవాళ్ల కొంగులు, జాకెట్లు, నా ప్యాంటు, అన్నీ తడిసేవి.

"సారూ, నీళ్లు రాలుతున్నయి గాని ఇంకేం రాలుతలేదే," అన్నది మేస్త్రమ్మ ఒక రోజు.

"పుప్పొడి కంటికి కనపడదు."

"అబ్బ, మంచి పని దొరికింది మాకు. కనపడంది గుంజుడు." ముఠా అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. పదకొండు కాకముందే వాళ్లు పత్తికి పోయేవాళ్లు, నేను ఇంకో ఊరి మడికి పోయేవాణ్ణి. ఆ తర్వాత ఆ మడిలో ఏం జరుగుతుందో చూడటానికి మాలో ఎవరమూ ఒక్క రోజైనా ఆగలేదు.

రెండు వారాలకు పై మడి తూర్పు అంచున కంకులు వంగడం కనపడింది. గింజ నిండుగా పట్టింది. నా సంతోషం చెప్పలేను. చెప్పలేనంటే అబద్ధం, కనపడ్డ ప్రతివాడికీ చెప్పాను. చీరలు తీయించిన దిక్కే గింజ పట్టింది, చూశారా గాలి మహిమ, అన్నాను. మేనేజరుకు ఫోన్ చేసి, చుట్టుపక్కల ఊళ్ల రైతులను పిలిచి మడి చూపిద్దామన్నాను. ఆయన సరేనన్నాడు. షామియానా, కుర్చీలు, మిర్చి బజ్జీలు. బావ కూడా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని అందరికంటే వెనక నిలబడ్డాడు.

నేను తూర్పు అంచున నిలబడి, నిండైన కంకి ఒకటి పట్టుకొని, పుప్పొడి, గాలి, దూరం, కాలం గురించి మాట్లాడాను. ఫొటో తీశారు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. అందులో నా చేతిలో ఉన్న కంకి మొత్తం కల్తీ.

హైదరాబాద్ నుంచి ఆ రోజు క్వాలిటీ మేడమ్ కూడా వచ్చింది. విత్తనం స్వచ్ఛత చూసే ఉద్యోగం, వయసులో నా బిడ్డంత ఉంటుంది. నేను మాట్లాడుతుండగానే ఆమె చెప్పులు గట్టున విడిచి, మడిలోకి దిగి, పడమర వైపు నడుచుకుంటూ పోయింది. కొంత దూరం పోయి ఒక కంకి పట్టుకొని చూసింది. ఇంకా పోయింది, ఇంకోటి చూసింది. ఆఖరి గట్టు దాకా పోయి తిరిగి చూసి చెయ్యి ఊపింది.

"సార్, ఒకసారి ఇటు రండి."

పోయాను. అంచు నుంచి లోపలికి పోతున్నకొద్దీ కంకులు తేలికవుతున్నాయి. మడి నడిమికి వచ్చేసరికి అక్కడక్కడ గింజ, మిగతాదంతా తాలు. ఈ నడక నేను అంతకుముందు ఒక్కసారి కూడా నడవలేదు. అంచున నిలబడి ఆనందించడమే సరిపోయింది.

"లోపల గింజ ఎందుకు పట్టలేదు సార్?"

నా నోరు ఆగలేదు. "జింకు లోపం అయ్యుంటది మేడమ్. చలి నేలల్లో..."

"జింకు లోపం బండ్ల బాట కాడికి వచ్చి ఆగిపోతదా సార్?"

నేను బండ్ల బాట వైపు చూశాను. దాని అవతల బావ సన్న వడ్లు. నా లెక్క ప్రకారం ఎప్పుడో పూత ముగించాల్సిన పొలం. చలికి దాని ఈనిక సాగి సాగి, కొన్ని మడులు ఇంకా పూత మీదే ఉన్నాయి. వెనక మిర్చి బజ్జీలు తింటున్న రైతుల నవ్వులు వినపడుతున్నాయి. వాళ్లు నన్ను చూసి నవ్వడం లేదు. నాకు మాత్రం అట్లాగే అనిపించింది.

మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే వచ్చి, పూతకు వస్తున్న కింది మడి గట్టున కూర్చున్నాను. పది అయింది. ఒక్క పువ్వు విచ్చుకోలేదు. పదకొండు దాటింది. మంచు ఆరింది, ఎండ వీపుకు తగిలింది. పన్నెండు దాటాక ఆడ సాళ్లలోనూ మగ సాళ్లలోనూ పువ్వులు ఒక్కొక్కటే నోళ్లు తెరిచాయి. వేసవిలో అయితే గంటలో మూసుకునేవి, ఆ రోజు సాయంత్రం దాకా తెరుచుకునే ఉన్నాయి. ఒంటిగంటకు తూర్పు గాలి లేచింది. బావ పొలం మీద సన్నటి పసుపు పొగలాంటిది లేచి, చెలక దాటి, బండ్ల బాట దాటి మా వైపు వచ్చింది. నిమిషాల్లో చచ్చిపోవాల్సిన పుప్పొడికి ఆ చల్లగాలి ఆయుష్షు పోసింది. దూరం నేను కొలిచినంతే ఉంది. చలి దాన్ని దగ్గర చేసింది.

అక్క గడ్డి మోపు దించుకొని నా పక్కన కూర్చున్నది. మొత్తం చెప్పాను.

"పోయిందా సారు?"

"పై మడి అంచు పోయినట్టే. లోపల ఎంతుందో చూడాలె. కింది మడి ఇప్పుడే పూత."

ఆమె మోపులో నుంచి ఒక గడ్డి పోచ లాగి తుంపింది. తర్వాత, "నువ్వు సదివిన పుస్తకంల చలి లేదా?" అన్నది.

"ఉన్నదక్కా. వెచ్చగా ఉన్న రోజుల్లో పదింటికి అని రాసి ఉన్నది. వెచ్చగా అన్న ముక్క నేను పట్టించుకోలే."

ఆమె లేచింది. నన్ను తిట్టలేదు. ఇంటికి పోయి, నేను విప్పించిన చీరల మూట తెచ్చి, తూర్పు గట్టున మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. "నీ గాలి నాకొద్దు సారు. మిగిలినయన్న పందులు తినకుండ జూసుకుంట," అన్నది. అదీ ఐడియా పుట్టుక. పిల్లలు ఫోన్ చేసి అడిగేది దీని గురించే. కోపంతో ముడి వేసిన ఒక చీర.

సాయంత్రం మేడమ్ వచ్చి చూసి, "ఇవి ఇంకా ఎత్తుగా కట్టొచ్చా?" అని అడిగింది. దూరం చాలనప్పుడు అడ్డు కట్టినా నియమాలు ఒప్పుకుంటాయట. పై మడి తూర్పు అంచును వెడల్పుగా కోసి విడిగా మిల్లుకు పంపాలి. మిగిలింది నమూనా నాటి చూశాకే ఏదైనా చెప్తానన్నది. కింది మడి మాత్రం అడ్డు కట్టి, సరైన వేళకు తాడు గుంజితే దక్కొచ్చు. "దక్కుతుందని నేను మాటివ్వను," అని కూడా అన్నది.

చీరల కోసం ఊరంతా తిరిగాం. నేను నేతవాణ్ణి కదా, మొదట నూలు చీరలే ఏరాను. గాలికి పట్టి చూస్తే నూలు చీర గాలిని వడగట్టి ఇవతలికి పంపిస్తోంది. పాలిస్టర్ చీర నిలబెట్టి ఆపుతోంది. బాపు ఉంటే నా మొహం చూసేవాడు కాదు. ఇంటికి పోయి మా ఆవిడ పాలిస్టర్ చీరలు కూడా పట్టుకొచ్చాను. వెదురు బొంగులకు ఒకదాని మీద ఒకటి, ఈ కొస మీద ఆ కొస వచ్చేట్టు కుట్టాం. మా జోడీ సూదీ దారం పట్టుకొని, "విత్తనాల కంపెనీలో చేరిన అనుకున్న, టైలరింగ్ అని చెప్పలే," అన్నాడు.

చీరలు చూసి బావ వచ్చాడు.

"నా పొలం నీ మడి చెడగొట్టిందని ఊరంత చెప్తున్నవట?"

"నీ తప్పు కాదు పెద్దన్నా. నాదే," అన్నాను.

"నీదే అని నాకెర్కనే. నా పొలం మీదికెళ్లి ఏమొచ్చిందో అది చూపియ్యి."

మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాను. గాలి లేచినప్పుడు ఆయన పొలం మీద ఆ పసుపు పొగ చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. బీడీ తీశాడు గానీ ముట్టించలేదు.

ఇక తాడు సంగతి. ఒంటిగంటకు గుంజాలి. ముఠా అప్పటికి పత్తి చేలల్లో ఉంటుంది. మేస్త్రమ్మను బతిమాలితే, "పత్తి ఆసామికి మాటిచ్చిన సారు. ఇద్దరినైతే పంపుత, వంతులేసుకొని వస్తరు," అన్నది. ఇద్దరంటే ఒక తాడు. ఆ పొడుగు మడికి రెండు తాళ్లన్నా కావాలి. మొదటి రోజు రెండో తాడు ఒక కొస అక్క పట్టుకున్నది. రెండో కొసకు నేను పోతుంటే బావ అడ్డం వచ్చాడు.

"నువ్వు గట్టు మీన్నే పడుతవు. ఇటియ్యి."

ఈ పంట చెడితే ఆ భూమి ఆయనకు వస్తుంది. అది నాకు తెలుసు, ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. తాడు ఇవ్వడానికి నా చెయ్యి వెనకాడింది. ఆయన గమనించాడు.

"భూమి అడిగిన, అడుగుత. గాని గిట్ల కాదు. నా వడ్లు దొంగలెక్క పోయి తెచ్చిచ్చిన భూమి దున్నుకుంటే నలుగురు నవ్వరా?" అన్నాడు. అక్క తన కొస బిగించి, "మాటలు సాలు, గుంజు బావ," అన్నది.

గుంజారు. ఈసారి నీళ్లు లేవలేదు. తాడు వెనకే పసుపు ధూళి లేచి, ఆడ సాళ్ల మీద మెల్లగా దిగింది. అంత ఎక్కువగా అంతకుముందు నేను చూడలేదు. పుప్పొడి కంటికి కనపడదని చెప్పినవాణ్ణి నేనే. చీరల అవతల ఆయన పొలం ధూళి, ఇవతల ఆమె మడి ధూళి. ఆ పూత పూర్తయ్యేదాకా రోజూ ఒంటిగంటకు బావ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వచ్చి తాడు పట్టేవాడు, అయిపోగానే పోయేవాడు.

ఒక రోజు మేనేజరు వచ్చి చీరలు చూసి, "ఏంది, ఇక్కడ పెండ్లా?" అన్నాడు. మేడమ్ విషయం చెప్పింది. ఆయన నా భుజం తట్టి, "ఈయన ఉంటే ఇట్లాంటివి చేస్తడని నాకు తెలుసు," అన్నాడు. నేను కాదనలేదు. దండ నాటి కథ ఆ భుజం మీద మొదలైంది.

కోతలయ్యాయి. నమూనా విత్తనాలు నాటి, మొక్కలు పెరిగి, కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఎన్నున్నాయో చూసేదాకా ఫలితం తెలియదు. అన్ని నెలలూ అక్క భూమి సంగతి గాలిలోనే ఉంది. ఆ కాలంలో నేను లైబ్రరీకి పోలేదు. పుస్తకాల ముందు మొహం చెల్లలేదు. ఎండలు ముదిరాక మేడమ్ ఫోన్ చేసింది. కింది మడి విత్తనం పాసయింది. పై మడి, అంచు పోగా మిగిలింది కూడా పాసయింది, కానీ గింజే తక్కువ. ఆ మాట చెప్పడానికి ఊరికి పోతే అక్క గొర్రెపిల్లకు పాలు తాపుతోంది. విని, "సరే సారు," అన్నది. పిల్లను దించి లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి మొహం కడుక్కొని ఉంది. "బావకు నేనే చెప్త. నువ్వు చెప్పకు, మధ్యల ఏదన్న శాస్త్రం చెప్తవు," అన్నది.

అసలు కథ ఇక్కడ ముగియాలి, కానీ ముగియలేదు. మిల్లుకు పోయిన ఆ తూర్పు అంచు గింజల్లో దోసెడు ఆమె దాచుకుందట. వానాకాలంలో ఇంటి వెనక బోరు దగ్గర మడి కట్టి చల్లింది. పంట చేతికొచ్చే రోజుల్లో నన్ను పిలిచి చూపించింది. వరి నడుమెత్తు దాటి పెరిగింది. ఆకు నల్లగా నిగనిగలాడుతోంది. కంకులు జానెడు దాటిన పొడుగు, నిటారుగా నిలబడి ఉన్నాయి. వంగడం లేదు. ఒకటి నలిపి చూశాను. తాలు. ఇంకోటి, అదీ తాలే.

"ఊళ్లె దీనికి సారు వడ్లు అని పేరు పెట్టిండ్రు," అన్నది. "పొడుగ్గ, నిగనిగ ఉంటది, లోపల ఏం లేదు."

ఇట్లాంటి సంకరానికి తరచుగా సొంత పుప్పొడి ఉండదని, అందుకే తాలు పోతుందని నేను చెప్పబోయాను. ఆమె ఒక కంకి నా చేతిలో పెట్టింది.

"పూర్తి తాలు కాదు తియ్యి సారు. నలిపి సూడు, జరంత గింజ ఉన్నది."

ఉంది. అక్కడక్కడ ఒకటీ అరా. దానికి సొంతంగా పుప్పొడి లేదు కాబట్టి ఆ గింజ కూడా పక్క పొలాల నుంచి గాలి తెచ్చిందే. ఇంటికొచ్చాక చాలా రోజులు ఆ సంగతే ఆలోచించాను. చదివింది నేనే అయినా, నాలో ఉన్న ఆ జరంత గింజ పక్కవాళ్ల నుంచి వచ్చింది. వాళ్ల షరతు ప్రకారం ఇక్కడ పేర్లు రాయొచ్చు, ఈ కథ వాళ్లకే:

సంతకం నాతో పెట్టించి, తర్వాత నాతోపాటు చీరలు కుట్టిన నా జోడీ యాదగిరికి. మడి లోపలికి నడిచి చూసిన శ్రావణి మేడమ్‌కు. పత్తి ఆసామి తిట్లు తిని ఇద్దరిని పంపిన సైదమ్మకు. "నన్ను నడిమిట్ల రాయి సారు, అంచులయి మిల్లుకు పోతయి" అన్న మల్లమ్మ అక్కకు, ఆ భూమి ఇప్పటికీ ఆమే దున్నుతోంది. తిరిగి ఇవ్వని పాలిస్టర్ చీరల కోసం మా ఆవిడ భారతికి. నెలల తర్వాత మళ్లీ లైబ్రరీకి పోతే ఏమీ అడగకుండా, మూసే వేళకు కుర్చీ కాలు తట్టిన రహీం సాబ్‌కు.

చివరి పేరు లింగయ్య బావది. చదివి వినిపించిన రోజు ఆయన మంచం కోడు పక్కన నిలబడి, "అంచుకు నన్ను పెట్టు. ఎట్లైనా ఆడ ఉండేది నేనేనాయె," అన్నాడు.